గింజ నుంచి మొలిచిన అవకాడో: వెలుతురు లెక్క ఎక్కడ తప్పుతుంది

గింజ నాటి అవకాడో పెంచుతున్నవారికి వెలుతురు విషయంలో రెండు సలహాలు ఎదురవుతాయి. అవకాడో ఎండను కోరే చెట్టు, రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ తగలాలన్నది ఒకటి. లేత మొక్కకు ఎండ తగిలితే ఆకులు మాడిపోతాయి, నీడపట్టున ఉంచాలన్నది రెండోది. రెండూ అనుభవం నుంచి వచ్చినవే, రెండూ నిజమే. చిక్కల్లా అవి ఒకే మొక్క గురించి చెబుతున్నవి కాకపోవడం. మొదటిది నేలలో పాతుకుని కాపుకొచ్చే చెట్టు సంగతి. రెండోది గదిలో మొలిచి, నీడలోనే ఆకులు వేసుకున్న మొక్క సంగతి. ఈ రెండింటికీ మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి. ఆ మధ్యకాలంలో వెలుతురును ఎప్పుడు, ఎంత చొప్పున పెంచాలో పై సలహాలేవీ చెప్పవు.

అవకాడోకు ఎంత వెలుతురు కావాలన్న ప్రశ్నకు ఒకే అంకె జవాబుగా ఉండదు. మొక్క వయసు, గింజలో ఇంకా మిగిలి ఉన్న ఆహారం, ఇప్పుడున్న ఆకులు ఏ వెలుతురులో తయారయ్యాయన్నది, ఈ మూడింటిని బట్టి అది మారుతూ ఉంటుంది. వీటిలో గింజలోని ఆహారమే పెంచేవారిని ఎక్కువగా తప్పుదోవ పట్టిస్తుంది. వెలుతురు చాలకపోయినా నెలల తరబడి మొక్క బాగున్నట్టే కనిపిస్తుంది. లోటు బయటపడేసరికి ఆలస్యమైపోతుంది.

నీడలో పుట్టుక, ఎండలో ఎదుగుదల

అవకాడో స్వస్థలం మెక్సికో, మధ్య అమెరికా. శాస్త్రీయ నామం పెర్సియా అమెరికానా. దాల్చినచెక్క చెట్టు చెందిన లారేసీ కుటుంబమే దీనిదీ. ఇందులో మెక్సికన్, గ్వాటెమాలన్, వెస్టిండియన్ అని మూడు తెగలున్నాయి. మొదటి రెండూ ఎత్తైన చల్లటి కొండ ప్రాంతాలకు, మూడోది వేడి, తేమ ఎక్కువగా ఉండే పల్లపు ప్రాంతాలకు అలవాటు పడినవి. తెగ ఏదైనా చెట్టు పెద్దదే. 20 మీటర్ల దాకా ఎదగగలదు. దాని పైకొమ్మలు రోజంతా ఎండలో ఉంటాయి. కాయ రాలి గింజ పడే చోట మాత్రం చిక్కటి నీడ, రాలిన ఆకులు, తడి.

ఆ గింజ ఎందుకంత పెద్దదో ఇక్కడే అర్థమవుతుంది. నీడలో మొలిచే మొక్క తన ఆకులతో తయారుచేసుకునే ఆహారం మీద వెంటనే ఆధారపడలేదు. కొంతకాలం గింజలోని నిల్వతోనే పైకి లేవాలి, వేరు దించుకోవాలి. పై చెట్లలో ఎక్కడైనా సందు పడి వెలుతురు దిగేదాకా నెట్టుకురావాలి. గింజలోని రెండు లావుపాటి పప్పు బద్దలు, అంటే బీజదళాలు, మోసేది ఆ సామగ్రినే. చిక్కుడు మొలకలో లాగా అవి పైకి లేచి ఆకుల్లా పచ్చబడవు. గింజలోనే ఉండిపోయి పిండిపదార్థాన్ని, చక్కెరలను కాండానికీ వేరుకూ పంపుతుంటాయి. ఆ చక్కెరల్లో ఒకటైన మానోహెప్టులోజ్ చాలా అరుదైనది. దాని అణువులో ఏడు కార్బన్లుంటాయి. దాన్ని ఇంత మోతాదులో నిల్వ చేసుకునే మొక్కలు చాలా తక్కువ.

ఇంత తడి నిల్వతో పుట్టిన గింజ ఎండిపోతే బతకదు. మొలకెత్తేందుకు దానికి కావలసింది తేమ, వెచ్చదనం, గాలి. వెలుతురు అవసరం లేదు. మట్టిలో కప్పిపెట్టిన గింజ ఎలా మొలుస్తుందో, గ్లాసు నీళ్లలో పుల్లలు గుచ్చి నిలబెట్టిన గింజా అలాగే మొలుస్తుంది. 20 నుంచి 28 డిగ్రీల వేడిలో రెండు వారాల నుంచి రెండు నెలల లోపు గింజ పగిలి ముందు వేరు, తర్వాత కాండం బయటికొస్తాయి. త్వరగా మొలవాలన్న ఆశతో గ్లాసును ఎండ పడే కిటికీలో పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. నీళ్లు వేడెక్కుతాయి, పాచి పడుతుంది, గింజ పైభాగం ఎండుతుంది. మొలక కనపడేదాకా వెచ్చటి నీడ చాలు.

వెలుతురు లేకుండా ఈ గింజ ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి నర్సరీల్లో వాడే ఒక పద్ధతే సాక్ష్యం. వేరుకుళ్లును తట్టుకునే వేరుమూలాలను, అంటే కాపు రకాన్ని అంటుకట్టే కింది మొక్కలను, అచ్చం తల్లిమొక్క లక్షణాలతోనే పెంచాలంటే గింజలు పనికిరావు, ఎందుకంటే ప్రతి గింజా కొత్త రకమే. అందుకని ఒక గింజ మొక్కకు కావలసిన రకం పుల్లను అంటుకట్టి, దాన్ని చీకటి గదిలో పెడతారు. చిగురు పచ్చదనం లేకుండా పాలిపోయి, ఆకులు విప్పుకోకుండా పొడవుగా సాగుతుంది. అలా సాగిన కాండం అడుగుభాగంలో, మామూలు పచ్చటి కొమ్మలో తేలిగ్గా రాని వేళ్లు పుట్టుకొస్తాయి. కాలిఫోర్నియాలో ఫ్రోలిక్ 1970ల మొదట్లో వెలుగులోకి తెచ్చిన ఈ చీకటి పద్ధతి మీద ఆధారపడే నేటికీ క్లోనల్ వేరుమూలాలు తయారవుతున్నాయి. చీకటి గదిలో ఆ చిగురుకు తిండి పెట్టింది గింజే.

ఇప్పుడు అదే గింజ ఒక గది మూల మొలిచిందనుకుందాం. వెలుతురు అంతంతమాత్రం. అయినా మొక్క చకచకా అడుగు ఎత్తు లేస్తుంది, అరచేతికన్నా పెద్ద ఆకులు నాలుగైదు విప్పుతుంది. చూసినవారు ఈ చోటు దీనికి సరిపోయిందనుకుంటారు. నిజానికి ఆ ఎదుగుదలలో సింహభాగం గింజ ఖాతాలోదే. కొత్త ఆకు కూడా మొదట్లో సంపాదించేది కాదు, తినేదే. ఎర్రగా, రాగిరంగులో మెత్తగా వేలాడే లేత ఆకు బయటి నుంచి ఆహారం తెచ్చుకుంటూ పెరుగుతుంది. దాదాపు పూర్తి సైజుకు వచ్చాకగానీ తన వంతు పంపడం మొదలుపెట్టదు. ముదురుపచ్చగా గట్టిపడి పూర్తి శక్తితో పనిచేయడానికి మరికొన్ని వారాలు పడుతుంది. ఈలోగా గింజ ముడుచుకుపోతుంటుంది. ఆ సమయానికి ఆకుల సంపాదన ఖర్చుకు సరిపోకపోతే తర్వాతి చిగుళ్లు చిన్నవవుతాయి, పాత ఆకులు రాలతాయి, పైన గొడుగులా నాలుగు ఆకులు మిగిలి కింద బోడి కాండం నిలుస్తుంది. "ఆర్నెల్లు బాగానే ఉంది, తర్వాత ఏమైందో తెలియదు" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

కాబట్టి వెలుతురు పెంచాల్సింది మొక్క నీరసించాక కాదు. కాండం మీద మొదటి నిజమైన ఆకులు విచ్చుకునే రోజు నుంచే. ఆ ఆకులకు ముందు కాండం మీద కనిపించే చిన్న పొలుసులు మామూలు ఆకులు కావు, వాటిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

కంటికి తెలియని తేడా

గదిలో వెలుతురు ఎంతుందో మన కళ్లు సరిగా చెప్పలేవు. కనుపాప సర్దుకుంటుంది, రెటీనా సర్దుకుంటుంది, ఆరుబయటి వెలుతురుకూ గది మధ్య వెలుతురుకూ ఉన్న వందల రెట్ల తేడా మనకు కొద్దిపాటి తేడాగానే తోస్తుంది. ఆకుకు ఆ సర్దుబాటు లేదు. దాని మీద పడే కాంతికణాల లెక్కే దాని రాబడి.

మబ్బులేని మిట్టమధ్యాహ్నం ఆరుబయట దాదాపు లక్ష లక్స్ వెలుతురు ఉంటుంది. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన పగటిపూట వెయ్యి నుంచి మూడు వేల దాకా ఉండొచ్చు. అదే కిటికీకి రెండు మూడు మీటర్ల లోపలికి జరిగితే కొన్ని వందలు. రాత్రిపూట దీపం వేసిన గదిలో వంద, మూడొందల మధ్య. పుస్తకం చదవడానికి అది చాలు. అవకాడో ఆకుకు అది దాదాపు చీకటి.

లక్స్ అనేది మనిషి కంటికి తగ్గట్టు కట్టిన కొలత. మొక్కల కోసం వాడే కొలత, చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోల్ కాంతికణాలు పడ్డాయన్నది. మోల్ అనేది కణాలను లెక్కపెట్టే ప్రమాణం, అందులో పది లక్షో వంతు మైక్రోమోల్. సూర్యకాంతి అయితే లక్స్‌ను 54తో భాగిస్తే సుమారుగా ఆ అంకె వస్తుంది. అంటే పూర్తి ఎండ 1,850 మైక్రోమోల్ దరిదాపుల్లో, కిటికీ పక్కన 2,000 లక్స్ అంటే 37 మాత్రమే. కుండీల్లో పెరిగిన అవకాడోల ఆకుల మీద చేసిన కొలతల్లో, సుమారు 400 నుంచి 500 మైక్రోమోల్ దగ్గర ఆకు ఆహారం తయారుచేయడంలో తన గరిష్ఠ వేగాన్ని అందుకుంటుందని తేలింది. నేలలో స్వేచ్ఛగా పెరిగిన చెట్ల ఆకుల్లో ఆ పరిమితి అంతకు రెట్టింపుకు పైనే.

ఈ ఒక్క వాస్తవం నుంచి చాలా విషయాలు తేలతాయి. కుండీలోని మొక్క ఆకుకు పూర్తి ఎండలో పావు వంతు సరిపోతుంది. ఆపైన పడేదాన్ని అది వాడుకోలేదు, తట్టుకోవాలంతే. నీడపట్టున ఉంచమనే సలహాలోని నిజం ఇది. అయితే ఆ పావు వంతు కూడా గదిలో తేలిగ్గా దొరికేది కాదు. 25 వేల లక్స్ అంటే ఎండ నేరుగా పడే కిటికీ గడప మీదో, పలుచటి నీడ ఉన్న ఆరుబయటో తప్ప కనిపించదు. నీడ అనే ఒకే మాటను ఆరుబయట చెట్టు కింది నీడకూ, గదిలోని నీడకూ వాడుకోవడం వల్ల ఎన్నో మొక్కలు ఆకలితో ఉంటున్నాయి. మొదటిదానిలో ఉండే వెలుతురు రెండోదానికన్నా సాధారణంగా పదింతలు.

రోజు మొత్తానికి లెక్కగడితే తేడా ఇంకా స్పష్టమవుతుంది. 37 మైక్రోమోల్ వెలుతురు పది గంటలు పడితే చదరపు మీటరుకు సుమారు 1.3 మోల్. అదే కిటికీలో మూడు గంటలు నేరుగా ఎండ పడి, అద్దం దాటి వెయ్యి మైక్రోమోల్ వచ్చిందంటే ఆ మూడు గంటల్లోనే 10.8 మోల్. అందులో సగం ఆకు వాడుకోలేక వృథా అయిందనుకున్నా, రోజంతా దొరికిన మసక వెలుతురు కన్నా నాలుగింతలు మిగులుతుంది. మబ్బులేని వేసవిరోజు ఆరుబయట ఇది 40 నుంచి 60 మోల్ దాకా వెళ్తుంది. గింజ నిల్వ అయిపోయిన మొక్క ఊరికే బతకడం కాకుండా, కణుపుల మధ్య దూరం పెరగకుండా దృఢంగా ఎదగాలంటే రోజుకు పది మోల్ చుట్టుపక్కల లక్ష్యంగా పెట్టుకోవడం సబబు.

అందుకే ఉదయపు ఎండ మంచిదన్న మాటకు బలం ఉంది. పొద్దున తొలి మూడు నాలుగు గంటల ఎండ, ఆకు వాడుకోగల పరిమితికి దగ్గరగా ఉంటుంది. గాలి చల్లగా ఉంటుంది కాబట్టి ఆకు రంధ్రాలు తెరుచుకునే ఉంటాయి. మధ్యాహ్నపు ఎండలో కాంతి ఎక్కువే, కానీ వేడికి, గాలిలోని పొడికి ఆకు రంధ్రాలు మూసుకుంటే ఆ కాంతితో పని జరగదు.

కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఫోన్‌లోని లక్స్ యాప్ కచ్చితమైన అంకె ఇవ్వకపోయినా రెండు చోట్లను పోల్చడానికి సరిపోతుంది. ఫోన్‌ను ఆకు ఉన్న చోటే, ఆకు చూస్తున్న వైపే పట్టుకోవాలి. అదీ లేకపోతే మధ్యాహ్నం ఆకు ముందు అరచెయ్యి అడ్డుపెట్టి నీడ చూడొచ్చు. అంచులు తీర్చినట్టున్న నల్లటి నీడ పడితే వెలుతురు బలంగా ఉంది. చెదిరిన అంచులతో లేత నీడ పడితే మధ్యస్థం. నీడే కనిపించకపోతే ఆ చోటు అవకాడోకు పనికిరాదు, ఎంత అందంగా అమరినా సరే.

కిటికీ విషయంలో దిక్కు ఎంత ముఖ్యమో మొక్కకు ఆకాశం ఎంత కనిపిస్తుందన్నదీ అంతే ముఖ్యం. ఆకు ఎత్తులో కన్ను పెట్టి బయటికి చూస్తే ఎదురుగా గోడ ఉందా, పైకప్పు అంచు అడ్డుందా, ఖాళీ ఆకాశం ఉందా అన్నది తెలుస్తుంది. గోడే కనిపిస్తే అది ఏ దిక్కు కిటికీ అయినా లాభం లేదు. ఉత్తరార్ధగోళంలో దక్షిణపు కిటికీ, దక్షిణార్ధగోళంలో ఉత్తరపు కిటికీ ఎక్కువ ఎండ ఇస్తాయి. పలుచటి పరదా సగం దాకా కాంతిని తినేయగలదు, రంగు ఫిల్మ్ అంటించిన అద్దం అంతకన్నా ఎక్కువ. కుండీని అర మీటరు ముందుకు జరపడం, అద్దం తుడవడం, ఆకుల మీది దుమ్మును తడిగుడ్డతో తీయడం చిన్న పనులుగా కనిపిస్తాయి గానీ, తక్కువ వెలుతురులో ఉన్న మొక్కకు వీటి వల్ల వచ్చే లాభం ఏ ఎరువుకన్నా ఎక్కువ.

మొక్క ఏమంటోంది

వెలుతురు చాలకపోతే మొక్క ముందుగా చేసేది వెతుకులాట. కణుపుకూ కణుపుకూ దూరం పెరుగుతుంది, కాండం సన్నబడుతుంది, ఆకులు వెడల్పుగా పలుచగా వస్తాయి. ఈ సాగుడు చూసి బలంగా ఎదుగుతోందని సంతోషించడం పొరపాటు. అడవిలో అయితే ఈ పరుగు మొక్కను పై సందులోకి చేర్చి బతికించేది. గదిలో పైన చేరాల్సిన వెలుతురు లేదు కాబట్టి ఉన్న నిల్వ కరగడమే మిగులుతుంది.

రెండో సూచన ఒరగడం. వెలుతురు వచ్చే దిక్కును పసిగట్టేది మొలక కొన అని చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ గడ్డి మొలకల మీద ప్రయోగాలు చేసి 1880లో చెప్పారు. నీలికాంతిని గుర్తించే ప్రొటీన్ల వల్ల ఆక్సిన్ అనే హార్మోన్ నీడవైపుకు చేరుతుందని, ఆ వైపు కణాలు ఎక్కువగా సాగి కాండం వంగుతుందని తర్వాత తెలిసింది. మూడు నాలుగు రోజులకోసారి కుండీని పావు చుట్టు తిప్పితే కాండం నిటారుగా ఉంటుంది. అయితే తిప్పడం వల్ల కాంతి పెరగదు. బాగా ఒరిగిపోతున్న మొక్కను తిప్పుతూ కూర్చోవడం కన్నా చోటు మార్చడం మేలు.

కాండం సన్నదనాన్ని మొత్తం వెలుతురు ఖాతాలో వేయడం కూడా సరికాదు. గాలికి ఊగే కాండం లావెక్కుతుంది. కదలిక లేని గదిలో, కర్రకు బిగించి కట్టిన మొక్క మంచి వెలుతురులో కూడా పుల్లలాగే ఉండొచ్చు. కర్ర కట్టాల్సివస్తే కొద్దిగా ఊగేలా వదులుగా కట్టాలి.

వెలుతురు లోటు మొక్కను నేరుగా చంపడం తక్కువ. ఎక్కువగా చంపేది నీళ్ల ద్వారా. మసకలో ఉన్న ఆకు నీటిని కొద్దిగానే ఆవిరి చేస్తుంది, కుండీలో తడి రోజుల తరబడి ఆరదు. అవకాడో వేళ్లకు నూగు వేళ్లు చాలా తక్కువ, ప్రాణవాయువు అవసరం ఎక్కువ. తడిలో ఊపిరాడక అవి చస్తాయి, ఫైటోఫ్తోరా సిన్నమోమీ అనే శిలీంధ్రం లాంటి జీవి ఉంటే వేరుకుళ్లు మొదలవుతుంది. వేళ్లు పోయిన మొక్క ఆకులు వాలుస్తుంది. దాహమనుకుని ఇంకా నీళ్లు పోస్తారు. ఎండలో ఉన్న కుండీకి సరిపోయిన నీళ్ల లెక్కను నీడలో ఉన్న కుండీకి వాడకూడదు. వేలు మట్టిలో గుచ్చి పైన రెండు మూడు సెంటీమీటర్లు ఆరాకే పోయాలి.

ఆకు కొన మాడిందనగానే ఎండ ఎక్కువైందని కుండీని లోపలికి లాక్కెళ్లడం ఇంకో సాధారణ తప్పు. అవకాడో ఉప్పును, ముఖ్యంగా క్లోరైడ్‌ను అసలు తట్టుకోలేదు. నీటిలోనో ఎరువులోనో ఉన్న లవణాలు పేరుకుంటే ముందు ముదురు ఆకుల కొనలు, తర్వాత అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. ఎండదెబ్బ వేరుగా ఉంటుంది. ఎండకు ఎదురుగా ఉన్న ఆకు నడిమి భాగం ముందు వెలిసిపోతుంది, తర్వాత పేలికలా ఎండుతుంది. అదే ఆకులో, ఇంకో ఆకు నీడ పడిన భాగం పచ్చగానే ఉంటుంది. మచ్చ ఎక్కడ మొదలైందో చూస్తే కారణం తెలుస్తుంది. కొన మాడిన మొక్కకు కావలసింది కుండీ అడుగు నుంచి కారేలా మంచి నీటితో ఒకసారి కడగడం. నీడలోకి మార్చడం దాని కష్టాన్ని రెట్టింపు చేస్తుంది.

నీడలో పుట్టిన ఆకు ఎండకు మారదు

ఆకు తయారయ్యేటప్పుడు ఎంత వెలుతురు ఉందో దాన్ని బట్టే దాని నిర్మాణం ఉంటుంది. ఎక్కువ వెలుతురులో పుట్టిన ఆకు చిన్నగా, మందంగా ఉంటుంది. లోపల నిలువుగా పేర్చినట్టున్న కణాల పొర లోతుగా, కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే ఎంజైములు సమృద్ధిగా ఉంటాయి. నీడలో పుట్టిన ఆకు పెద్దగా, పలుచగా, ఉన్న కొద్ది కాంతినీ వదలకుండా పట్టుకునేలా ఉంటుంది. ఒకసారి పూర్తిగా విచ్చుకున్నాక ఈ కట్టడం మారదు. నీడ ఆకు ఎండలో పెట్టినంత మాత్రాన ఎండ ఆకు కాలేదు. ఎండకు తగిన ఆకులు కావాలంటే ఎండలో కొత్తగా పుట్టాల్సిందే.

అయినా అవకాడో ఆకుకు కొంత రక్షణ ఉంది. అక్కర్లేని కాంతిశక్తిని వేడిగా మార్చి వదిలేసే వర్ణకాలు దానిలో ఉన్నాయి. దాదాపు అన్ని మొక్కల్లో ఉండే వర్ణకాల చక్రంతోపాటు, కొన్ని జాతుల్లోనే కనిపించే ల్యూటీన్ ఎపాక్సైడ్ చక్రం అవకాడోలో ఉంది. నీడలో ఉన్న ఆకులో ల్యూటీన్ ఎపాక్సైడ్ పేరుకుంటుంది, బలమైన వెలుతురు తగిలినప్పుడు అది ల్యూటీన్‌గా మారి రక్షణకు నిలుస్తుంది. అడవిలో ఉన్నట్టుండి ఎండ దిగే చోట పుట్టే చెట్టుకు ఇలాంటి ఏర్పాటు ఉండడంలో ఆశ్చర్యం లేదు. ఇది కొన్ని నిమిషాలు, గంటలు పడే ఎండను కాచుకోవడానికి పనికొస్తుంది. అద్దం వెనక నెలలు గడిపిన మొక్కను ఒక్కసారిగా రోజంతా ఎండలో నిలబెడితే మాత్రం చాలదు. కిటికీ అద్దం అతినీలలోహిత కాంతిలో కణజాలానికి హానిచేసే భాగాన్ని చాలావరకు ఆపేస్తుంది కాబట్టి, లోపల పెరిగిన ఆకుకు దాన్ని కాచుకునే పదార్థాలు కూడా అంతగా తయారై ఉండవు.

అందుకే బయటికి మార్చడానికి రెండు మూడు వారాలు కేటాయించాలి. మొదటి వారం ఆరుబయటే, కానీ నేరుగా ఎండ తగలని చోట. ఆ నీడ కూడా దానికి పెద్ద మార్పే. తర్వాత పొద్దున గంట ఎండ, కొన్ని రోజులకు రెండు, ఆపైన ఉదయమంతా. సగం కాంతిని ఆపే షేడ్ నెట్ ఉంటే ఈ పని ఇంకా తేలిక. మబ్బుపట్టిన రోజులు చూసుకుని మొదలుపెడితే మరీ మంచిది.

ఏ రోజు మొదలుపెట్టామన్నదానికన్నా మొక్క ఏ దశలో ఉందన్నది ముఖ్యం. అవకాడో ఏకబిగిన పెరగదు. ఒక విడత చిగుళ్లు వేసి, అవి ముదిరేదాకా ఆగి, మళ్లీ చిగురిస్తుంది. రాగిరంగు చిగుళ్లు వేలాడుతున్నప్పుడు ఎండకు మారిస్తే అవే ముందు మాడతాయి. పాత ఆకులు గట్టిపడి, కొన మొగ్గ ఉబ్బుతూ ఇంకా విచ్చుకోని సమయంలో మారిస్తే రాబోయే ఆకులు కొత్త వెలుతురుకు తగ్గట్టు తయారవుతాయి. పాత ఆకులు కొన్ని రంగు తగ్గినా, రాలినా కంగారుపడి వెనక్కి తేవద్దు. తర్వాతి విడత ఆకులు చిన్నవిగా, మందంగా, ముదురుపచ్చగా వచ్చాయంటే మార్పు ఫలించినట్టే.

ఆకులు చాలా రాలిపోతే మాత్రం కాండం సంగతి చూడాలి. అవకాడో లేత బెరడు ఎండకు మాడుతుంది. నర్సరీ నుంచి నాటిన మొక్కల కాండానికి, ఆకు రాలి బయటపడ్డ కొమ్మలకు తోటల్లో నీళ్లు కలిపి పలుచన చేసిన తెల్లటి లేటెక్స్ పెయింట్ పూస్తారు. కుండీ మొక్కకు మధ్యాహ్నం నీడ ఏర్పాటు చేసినా చాలు. చలిగా ఉన్న రోజు బలమైన ఎండ పడటం కూడా ప్రమాదమే. చలికి ఆకులో రసాయన చర్యలు మందగిస్తాయి, పట్టిన కాంతిని ఖర్చు చేయలేక ఆకు యంత్రాంగం దెబ్బతింటుంది. చలికాలంలో ఎండలో ఉన్న ఆకులు పసుపుబారడం వెనక చాలాసార్లు ఎరువు లోపం ఉండదు, ఇదే ఉంటుంది.

దీపాలు, కత్తెర

మంచి కిటికీ లేనివారికి ఎల్ఈడీ దీపాలు నిజమైన దారి. ఊదారంగు దీపాలే కావాలన్న నియమం లేదు. తెల్లటి ఎల్ఈడీలో నీలం, ఎరుపు, మధ్యలో ఆకుపచ్చ అన్నీ ఉంటాయి, పైగా ఆ వెలుతురులో ఆకుల అసలు రంగు కనిపించి జబ్బు త్వరగా తెలుస్తుంది. చూడాల్సింది ఆకు దగ్గర ఎన్ని మైక్రోమోల్ పడుతున్నాయన్నది. 200 మైక్రోమోల్ పడే దూరంలో రోజుకు 14 గంటలు వెలిగితే పది మోల్ అవుతాయి. చిన్న బల్బు అయితే దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకని పైకప్పుకు బిగించిన దీపం వల్ల ప్రయోజనం దాదాపు ఉండదు, ఆకుల పైన 20 నుంచి 40 సెంటీమీటర్లలో ఉండాలి. మొక్క ఎదిగేకొద్దీ దీపాన్నీ ఎత్తాలి. ఇరవైనాలుగు గంటలూ వెలిగించి లోటు పూడ్చాలని చూడొద్దు. టైమర్ పెట్టి ఎనిమిది గంటలైనా చీకటి ఇవ్వాలి.

కొన తుంచే విషయమూ వెలుతురుతో ముడిపడిందే. గింజ మొక్క ఒంటికాడగా సాగుతుంటే కొన తుంచమని చెబుతారు. కొన మొగ్గ పోతే పక్క మొగ్గలు లేస్తాయన్నది నిజం. కానీ మసకలో ఉన్న మొక్కను తుంచితే సాధారణంగా లేచేది ఒకే ఒక్క సన్నటి కొమ్మ, అదీ మిగిలిన నిల్వను తిని. ముందు వెలుతురు ఇచ్చి, ఒక విడత గట్టి ఆకులు వచ్చాక తుంచితే రెండు మూడు కొమ్మలు ఒకేసారి లేస్తాయి. ఈ వరుస తప్పితే తుంచిన ప్రతిసారీ మొక్క బలహీనపడుతుంది.

కాయల మీద ఆశ

ఇన్ని వెలుతురు లెక్కల వెనక చాలామందికి ఉండే ఆశ కాయలు. గింజ మొక్క పూతకు రావడానికి 5 నుంచి 15 ఏళ్ల దాకా పట్టొచ్చు. వెలుతురు ఆ కాలాన్ని మాయం చేయలేదు గానీ, తక్కువ వెలుతురు దాన్ని కచ్చితంగా పొడిగిస్తుంది. బాల్యదశ దాటడానికి చెట్టు ఒక స్థాయి ఎదగాలి, ఆ ఎదుగుదలకు సరుకు ఆకుల నుంచే రావాలి. పూత విషయంలో మాత్రం పగటి నిడివి కన్నా చల్లటి వాతావరణం ప్రధానం. ఏడాది పొడవునా ఒకే వెచ్చదనం ఉన్న గదిలో దీపాలు ఎన్ని పెట్టినా పూత రాకపోవడానికి అదొక కారణం.

వచ్చిన కాయ తల్లి కాయలా ఉంటుందన్న హామీ కూడా లేదు. ప్రపంచంలో అత్యధికంగా పండే హాస్ రకం అలా అనుకోకుండా వచ్చిన ఒక గింజ మొక్కే. కాలిఫోర్నియాలోని లా హాబ్రా హైట్స్‌లో రుడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మాన్ 1920లలో నాటిన గింజల్లో ఒకదానికి అంటు నిలవలేదు. వదిలేసిన ఆ మొక్క తన కాయలే కాసింది. 1935లో దానికి పేటెంట్ దక్కింది. ఆ తల్లిచెట్టు 2002లో వేరుకుళ్లుతో చనిపోయింది. అది మొదటి నుంచీ నేలలో, తెరిపి ఆకాశం కింద ఉన్న మొక్క. కుండీలోని గింజ మొక్కకు కాపు మీద నిజంగా ఆశ ఉంటే, గింజ ముడుచుకుని కాండం గోధుమరంగుకు తిరిగి గట్టిపడ్డాక, రెండు మూడు విడతల ఎండ ఆకులు వేశాక, మంచు పడని చోట, నీరు నిలవని నేలలో, రోజులో ఆరు గంటలైనా ఎండ తగిలేలా నాటాలి. మొదటి వేసవి మాత్రం పడమటి ఎండకు అడ్డంగా ఒక తెర కట్టి ఉంచాలి.